పదాలు లేని ప్రార్థన: జాన్ కోల్ట్రేన్ జీవితం, సంగీతం

1963 మార్చి 6. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. శాక్సాఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ తన ముగ్గురు సహవాద్యకారులతో కలిసి ఆ రోజు రికార్డు చేసిన సంగీతం వరద గోదావరిలా ఉద్ధృతమైనది. ఆ టేపులు ఐదున్నర దశాబ్దాలు మరుగున పడి, 2018లో ఆల్బంగా వెలువడ్డాయి. మరునాడు, మార్చి 7న, అదే స్టూడియోలో అదే బృందం గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో కలిసి ఆరు ప్రేమగీతాలను రికార్డు చేసింది. అందులో ఒక్క స్వరం కూడా తొందరపడదు.

ఒకే కళాకారుడి నుంచి ఇరవై నాలుగు గంటల వ్యవధిలో ఇంత భిన్నమైన సంగీతం ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం కోల్ట్రేన్ జీవితంలోనే ఉంది. ఆయన నలభై ఏళ్లే బతికారు. నాయకుడిగా ఆయన చేసిన ముఖ్యమైన రికార్డులన్నీ చివరి పదేళ్లలో వచ్చినవే. ఆ పదేళ్లూ ఆయన వెతికింది ఒక్కదాని కోసమే. మనిషి గొంతు పలికే మాటను, వేడుకోలును, దుఃఖాన్ని ఒక లోహ వాద్యం పలకగలగాలి.

ప్రార్థనల ఇంట పుట్టి...

జాన్ కోల్ట్రేన్ 1926 సెప్టెంబరు 23న నార్త్ కరోలినా రాష్ట్రంలోని హామ్లెట్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. హై పాయింట్ పట్టణంలో పెరిగారు. తాతలిద్దరూ క్రైస్తవ మత బోధకులు. తండ్రి దర్జీ పని చేసేవారు, తీరిక వేళల్లో వయొలిన్ వాయించేవారు. నల్లజాతి వారి చర్చిలో ప్రసంగం మాటగా మొదలై క్రమంగా పాటగా మారుతుంది. బోధకుడు ఒక వాక్యం పలికితే సభ మొత్తం బదులు పలుకుతుంది. ఆ పిలుపు, ఆ బదులు చిన్ననాటి నుంచే కోల్ట్రేన్ చెవిలో నాటుకున్నాయి.

ఆయనకు పన్నెండేళ్ల వయసులో ఆ ఇంటిపై పిడుగు పడింది. కొద్ది నెలల వ్యవధిలోనే తండ్రి, తాత, అమ్మమ్మ ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. తల్లి ఇతరుల ఇళ్లలో పనికి కుదిరి కుటుంబాన్ని పోషించారు. ఆ రోజుల్లోనే ఆ బాలుడి చేతికి క్లారినెట్, ఆ తరువాత ఆల్టో శాక్సాఫోన్ వచ్చాయి. గంటల తరబడి సాధన చేయడం అప్పుడు అలవడింది. జీవితాంతం ఆయన ఆ అలవాటును వదలలేదు.

1943లో ఫిలడెల్ఫియా చేరి సంగీత పాఠశాలలో శిక్షణ పొందారు. 1945లో చార్లీ పార్కర్ కచేరీ విని విస్మయం చెందారు. అప్పటి వరకు నాట్యానికి తోడుగా ఉన్న జాజ్‌ను పార్కర్ తరం శ్రద్ధగా కూర్చుని వినవలసిన సంగీతంగా మలుస్తోంది. నౌకాదళంలో కొంతకాలం పనిచేసి వచ్చిన కోల్ట్రేన్, డిజీ గిలెస్పీ, జానీ హాడ్జెస్ వంటి ప్రముఖుల బృందాలలో వాయించారు. కాలక్రమంలో ఆల్టోను విడిచి, గంభీరమైన నాదం గల టెనర్ శాక్సాఫోన్‌ను తన వాద్యంగా స్వీకరించారు.

పతనం, పునర్జన్మ

1955లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆయనను తన బృందంలో చేర్చుకోవడంతో కోల్ట్రేన్ పేరు దేశమంతటా వినిపించింది. అయితే అప్పటికే ఆయన హెరాయిన్‌కు, మద్యానికి బానిస. వేదికపై నిలబడి కునికిపాట్లు పడేవారు, వేళకు వచ్చేవారు కారు. హాడ్జెస్ బృందంలో స్థానం పోయింది కూడా ఈ వ్యసనం వల్లనే. 1957లో డేవిస్ సైతం ఆయనను తొలగించారు. ఆ తరం జాజ్ కళాకారులను హెరాయిన్ ఎందరినో బలి తీసుకుంది. చార్లీ పార్కర్ 34 ఏళ్ల వయసులోనే మరణించారు. కోల్ట్రేన్ కథ కూడా అక్కడితో ముగిసి ఉండేదే.

ఆయన ఫిలడెల్ఫియాలోని ఇంటికి వెళ్లి గదిలో తలుపు వేసుకున్నారు. తల్లి, భార్య నయీమా అండగా నిలవగా, ఏ మందూ లేకుండా ఆ వ్యసనం నుంచి బయటపడ్డారు. ఆ కాలంలో తనకు దైవానుగ్రహం లభించిందని, సంగీతం ద్వారా ఇతరులకు ఆనందం పంచే శక్తిని ప్రసాదించమని ప్రార్థించానని అనంతర కాలంలో ఆయనే రాసుకున్నారు. ఆ తరువాతి ఆల్బంలన్నీ ఆ మొక్కు తీర్చుకోవడంగా వినవచ్చు.

అదే ఏడాది పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్‌తో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్‌లో నెలల తరబడి వాయించారు. సెప్టెంబరులో బ్లూ నోట్ సంస్థ కోసం 'బ్లూ ట్రెయిన్' రికార్డు చేశారు. జాజ్‌కు కొత్తవారు కోల్ట్రేన్‌ను వినడం ప్రారంభించడానికి నేటికీ ఇంతకంటే అనువైన ఆల్బం అరుదు.

స్వరాల జలపాతం

జాజ్‌లో ఒక పాటను ఎలా నడుపుతారో కర్ణాటక సంగీత శ్రోతలకు సులువుగానే బోధపడుతుంది. ముందు పాట వరుసను వినిపిస్తారు. ఆ తరువాత కల్పనస్వరాల వలె అప్పటికప్పుడు కొత్త సంచారాలు అల్లుతారు. చివరికి మళ్లీ వరుసకు చేరుకుంటారు. భేదం ఒక్కటే. మన సంగీతంలో శ్రుతి స్థిరంగా ఉండి స్వరం కదులుతుంది. జాజ్‌లో స్వరం కింద ఉండే ఆధారం, అంటే కార్డ్, కూడా ఎప్పటికప్పుడు మారుతుంది. ప్రతి మార్పుకూ తగిన స్వరాలను వాద్యకారుడు క్షణంలో ఎంచుకోవాలి.

1959 మే నెలలో రికార్డు చేసిన 'జెయింట్ స్టెప్స్' ఈ విద్యకు పరాకాష్ఠ. అందులో ఆధారం అత్యంత వేగంగా మూడు శ్రుతి కేంద్రాల మధ్య తిరుగుతుంది. అనుభవజ్ఞుడైన పియానో వాద్యకారుడు టామీ ఫ్లానగన్ సైతం ఆ వేగంలో తడబడటం రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. అదే ఆల్బంలో భార్య పేరిట కూర్చిన 'నయీమా' ఉంది. జలపాతం పక్కనే నిశ్చలమైన కొలను ఉన్నట్టు, ఈ రెండూ ఒకే రికార్డులో ఉన్నాయి.

ఆ ఏడాదే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లోనూ కోల్ట్రేన్ వాయించారు. అక్కడ మార్గం వేరు. కార్డ్‌ల మార్పును బాగా తగ్గించి, ఒకే స్వరశ్రేణిపై ఎక్కువసేపు నిలిచి సంచరించే పద్ధతి అది. రాగాలాపన విని పెరిగిన చెవికి ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది. ఈ మార్గాన్నే ఆయన 1960 అక్టోబరులో 'మై ఫేవరిట్ థింగ్స్' ద్వారా మరింత ముందుకు తీసుకువెళ్లారు. ఒక సంగీత నాటకంలోని తేలికైన పాటను తీసుకుని, మూడక్షరాల నడకలో దాదాపు పద్నాలుగు నిమిషాలు విస్తరించారు. ఇందుకు ఆయన ఎంచుకున్న సోప్రానో శాక్సాఫోన్ సన్నాయిలా తిన్నగా ఉంటుంది. దాని నాదం కూడా మన చెవికి సన్నాయినే గుర్తు చేస్తుంది. ఈ రికార్డు విశేష ప్రజాదరణ పొందింది.

ఈ కాలంలోనే ఆయన భారతీయ సంగీతాన్ని, ముఖ్యంగా పండిట్ రవిశంకర్ సితార్ రికార్డులను శ్రద్ధగా విన్నారు. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో 'ఇండియా' అనే రచనను వాయించారు. అందులో రెండు బాస్ వాద్యాలు తంబురా వలె ఆధార నాదాన్ని నిలబెడతాయి.

గాయకుడి పక్కన

ఆ కచేరీల నిడివి, తీవ్రత కొందరు విమర్శకులకు రుచించలేదు. అది జాజ్‌కే విరుద్ధమైన సంగీతమని డౌన్‌బీట్ పత్రికలో ఘాటైన విమర్శ వచ్చింది. ఇంపల్స్ సంస్థ నిర్మాత బాబ్ థీల్ ప్రోత్సాహంతో కోల్ట్రేన్ వరుసగా మూడు నెమ్మదైన ఆల్బంలు చేశారు. అవి 'బ్యాలడ్స్', ప్రసిద్ధ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్‌తో చేసిన ఆల్బం, జానీ హార్ట్‌మన్‌తో చేసిన ఆల్బం. నాయకుడిగా ఒక గాయకుడితో కలిసి కోల్ట్రేన్ చేసిన ఆల్బం ఈ చివరిది ఒక్కటే. దాని నిడివి అరగంట పైచిలుకు మాత్రమే.

జాజ్‌లో గాత్రానికి, వాద్యానికి ఉన్న బంధుత్వం పాతది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ వాయించినట్టే పాడారు, పాడినట్టే వాయించారు. గాయని బిల్లీ హాలిడే, శాక్సాఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1937 నుంచి కలిసి చేసిన రికార్డులలో ఒకరి వాక్యాన్ని మరొకరు పూర్తి చేస్తారు. హార్ట్‌మన్ ఆల్బం ఆ సంప్రదాయంలోనిదే. 'మై వన్ అండ్ ఓన్లీ లవ్' పాట వరుసను మొదట శాక్సాఫోన్ ఆసాంతం వినిపిస్తుంది. ఆ తరువాతే హార్ట్‌మన్ మంద్రమైన గొంతు ప్రవేశిస్తుంది. గాయకుడు పాడబోయే ప్రతి మాటా ముందే వాద్యంలో వినిపించినట్టు తోస్తుంది. నాదస్వరంపై షేక్ చినమౌలానా వాయించిన త్యాగరాజ కృతిని వింటున్నప్పుడు సాహిత్యం మనసులో దానంతట అదే పలికినట్టు, ఇక్కడ మాట, నాదం ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి.

ఇదే ఆల్బంలోని 'లష్ లైఫ్' పాటను కోల్ట్రేన్ 1958లోనే గాత్రం లేకుండా రికార్డు చేశారు. ఆ రెండు రూపాలనూ పక్కపక్కన వినడం జాజ్ రసాస్వాదనకు మంచి పాఠం. గొంతు ఉన్నచోట వాద్యం ఎంత మౌనం పాటించాలో, గొంతు లేనిచోట ఎంత పలకాలో ఆ పోలికలో తేటతెల్లమవుతుంది.

వాద్యం చదివిన కావ్యం

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని నల్లజాతి వారి చర్చిలో జాతి విద్వేషకులు పెట్టిన బాంబు నలుగురు బాలికలను బలిగొంది. రెండు నెలల తరువాత కోల్ట్రేన్ 'అలబామా' రికార్డు చేశారు. అందులో ఒక్క మాట లేదు. మృతులకు నివాళిగా మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగపు లయను ఆ స్వరాలు అనుసరించాయని చెబుతారు. మాట పెగలని శోకం ఐదు నిమిషాల పాటు శాక్సాఫోన్‌లో మూలుగుతుంది.

1964 డిసెంబరు 9న ఆయన జీవిత సాధన ఫలించింది. పియానోపై మెకాయ్ టైనర్, బాస్‌పై జిమ్మీ గ్యారిసన్, డ్రమ్స్‌పై ఎల్విన్ జోన్స్ తోడుగా 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డయింది. నాలుగు భాగాలు, సుమారు 33 నిమిషాలు. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న పదబంధం ఒకటి ఉంది. దానిని ఆయన అన్ని శ్రుతులలోనూ తిప్పి వినిపించిన తరువాత, ఆ నాలుగు స్వరాలకూ ఆల్బం పేరును జోడించి స్వయంగా జపంలా ఉచ్చరిస్తారు. వాద్యం పక్కన పెట్టి ఆయన తన గొంతు వినిపించిన అరుదైన సందర్భం అది.

చివరి భాగం మరింత విశిష్టమైనది. దైవాన్ని స్తుతిస్తూ కోల్ట్రేన్ రాసిన కవిత ఆల్బం అట్ట లోపల అచ్చయింది. ఆ కవితనే శాక్సాఫోన్ ఆ భాగంలో అక్షరాక్షరం చదువుతుంది. కవితను ఎదురుగా పెట్టుకుని వింటే ఏ పదం ఎక్కడ పలుకుతోందో గుర్తించవచ్చు. గాత్రానికి, వాద్యానికి మధ్య గీత ఇక్కడ చెరిగిపోయింది. చిన్ననాడు తాతల చర్చిలో విన్న ప్రసంగం లోహంలోంచి తిరిగి పలికింది.

తీరని కోరిక

1965 జూన్‌లో పదకొండు మంది వాద్యకారులతో 'అసెన్షన్' రికార్డు చేసి, వరుస, కార్డ్ వంటి కట్టుబాట్లను ఆయన దాదాపు విడిచిపెట్టారు. ఎందరో అభిమానులు అక్కడే ఆగిపోయారు. టైనర్, జోన్స్ బృందాన్ని వీడారు. పియానో వాద్యకారిణి, రెండవ భార్య ఆలిస్ ఆయనకు తోడుగా వాయించారు.

రవిశంకర్‌ను కలిసి రాగం, తాళం గురించి కోల్ట్రేన్ ప్రాథమిక పాఠాలు నేర్చుకున్నారు. 1965లో పుట్టిన కుమారుడికి రవి అని పేరు పెట్టుకున్నారు. కోల్ట్రేన్ సంగీతంలో వినిపించిన అలజడి తనను కలతపెట్టిందని రవిశంకర్ అనంతరం చెప్పారు. ఆ అలజడికి శాంతిని వెతుక్కుంటూనే ఆయన భారతీయ సంగీతం వైపు వచ్చారనుకోవచ్చు. 1966 జులైలో జపాన్ పర్యటనలో నాగసాకి అణుబాంబు మృతుల స్మారకం వద్ద ప్రార్థించారు. రవిశంకర్ వద్ద మరింతగా నేర్చుకోవాలన్న కోరిక మాత్రం తీరలేదు. 1967 జులై 17న కాలేయ క్యాన్సర్‌తో లాంగ్ ఐలండ్‌లో కన్నుమూశారు.

ఆయన జీవించి ఉండగా తెప్పించమని చెప్పిన హార్ప్ వాద్యం మరణానంతరం ఇల్లు చేరింది. ఆలిస్ దానిపై తన సంగీతాన్ని తీర్చిదిద్దుకున్నారు. భారతదేశానికి వచ్చారు, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలయ్యారు, కాలిఫోర్నియాలో ఆశ్రమం స్థాపించి సంస్కృత భజనలు పాడారు. భర్త తలపెట్టిన ప్రయాణాన్ని ఆమె అలా కొనసాగించారు. కుమారుడు రవి నేడు పేరున్న శాక్సాఫోన్ విద్వాంసుడు. 2007లో పులిట్జర్ సంస్థ కోల్ట్రేన్‌కు మరణానంతరం ప్రత్యేక పురస్కారం ప్రకటించింది.

కద్రి గోపాల్‌నాథ్ కచేరీల పుణ్యమా అని శాక్సాఫోన్ మన శ్రోతలకు పరాయి వాద్యం కాదు. కోల్ట్రేన్‌ను కొత్తగా వినదలచిన వారు హార్ట్‌మన్ ఆల్బంతో మొదలుపెట్టి, 'బ్లూ ట్రెయిన్', 'మై ఫేవరిట్ థింగ్స్' మీదుగా 'ఎ లవ్ సుప్రీమ్' చేరుకోవడం మేలు. మొదటిసారి శాక్సాఫోన్‌ను మాత్రమే వినండి. రెండవసారి డ్రమ్స్‌పై ఎల్విన్ జోన్స్ ఇచ్చే బదులు వినండి. మూడవసారికి పిలుపు ఏదో, బదులు ఏదో మీకే తెలుస్తుంది.