గోల్‌కీపర్‌ని మార్చాలా? రహీం సాబ్ జీవితం నుంచి ఒక జవాబు

మన కళాశాల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్‌ని ఉంచాలా, తీసెయ్యాలా అనే విషయం మీద ఈ ఏడు హాస్టలు మెస్సులో జరిగినంత చర్చ పరీక్షల వాయిదా మీద కూడా జరగలేదు. పప్పులో నీళ్లెక్కువయ్యాయన్న సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదంటే చూడండి! వరసగా మూడు మ్యాచుల్లో అతను చేతికందిన బంతుల్ని జారవిడిచాడు. ఒకటైతే కాళ్ల సందునుంచే దొర్లిపోయింది. భద్రాచలం అవతల అడవి అంచు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు. చిన్నప్పుడు రెండు తునికి కొమ్మలు భూమిలో పాతి, అవే గోలు స్తంభాలనుకుని, వట్టికాళ్లతో ఆడుకున్నవాడు. కిందటేడు ఇతను ఎగిరి బంతిని పట్టుకుంటే చప్పట్లు కొట్టిన చేతులే ఈ ఏడు బల్లలు గుద్ది తీసెయ్యమంటున్నాయి. దాచుకోవడమెందుకు, ఆ బల్ల గుద్దినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ గొడవలోనే ఒక సీనియర్ అన్న మా మొహాలు చూసి, రహీం సాబ్ పేరు ఎవరైనా విన్నారా అని అడిగాడు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ చూసినవాళ్లు ఇద్దరు చేతులెత్తారు. మిగిలినవాళ్లం నోళ్లు తెరిచాం. ఈ వ్యాసం ఆ సిగ్గు లోంచి పుట్టింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడ ఫుట్‌బాల్ ఆడారు. వృత్తికి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆటలో గొప్ప పేరు తెచ్చుకున్నవారేమీ కాదు, ఆట నేర్పడంలో తెచ్చుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అప్పటికి గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్న మన కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యంలోవి. అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాది. కాబట్టి నది దాటకుండా ఉన్నంతవరకు ఆయన మనవాడే అని ధైర్యంగా చెప్పుకోవచ్చు!

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, కడదాకా ఆ జట్టుతోనే ఉన్నారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ పోలీసులదే. కలకత్తా పెద్ద జట్లకు ఇది మింగుడుపడని సంగతి.

ఆయన నేర్పే పద్ధతిలో బడిపంతులు బుద్ధి కనిపిస్తుంది. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపారు. బంతిని ఎవరూ ఒంటరిగా తిప్పుకుంటూ పోరాదని, పక్కవాడికి అందించి తీరాలని మరో పోటీ పెట్టారు. పొట్టి కుర్రాళ్లకు విడిగా పోటీలు జరిపించారు. వీటన్నిటి వెనకా ఉన్న లెక్క ఒకటే. కుర్రాడు ఏది బాగా చేస్తాడో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, ఏది చెయ్యలేడో దాన్ని పంతులు వెతికి పట్టుకోవాలి. లెక్కల్లో తప్పిన పిల్లవాడి పేరు బడి రిజిస్టరులోంచి కొట్టెయ్యం కదా.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన తయారుచేసిన భారత జట్టు ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి స్వర్ణం తెచ్చింది. దేశమంతా పొంగిపోయింది. ఆ మరుసటి ఏడే నేల మీద పడింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనమీద పది గోల్స్ వేసింది. మనం వేసింది ఒకటి, అహ్మద్ ఖాన్ వేశాడు.

పది గోల్స్! మన హాస్టలు లెక్క ప్రకారం అయితే ఆ రోజు గోలు దగ్గర నిలబడ్డ ఆంథొనీని పడవెక్కించి సముద్రంలో వదిలెయ్యాలి. కాని జరిగిందేమిటో చూడండి. చలిదేశం, తడి నేల. మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడారు. బూట్లు వేసుకుని గడ్డిని పట్టుకుని పరుగెత్తేవాళ్లను, జారుతున్న పాదాలతో మన బ్యాకులు ఎలా ఆపగలరు? పైగా మనదేశంలో అప్పట్లో ఆటలు తొంభై నిమిషాల కన్న తక్కువ సేపు జరిగేవి. ముందున్న ముగ్గురు దాటిపోయాక గోల్‌కీపర్ దగ్గరికొచ్చేది బంతి కాదు, తుపాకీ గుండు. ఆ ఓటమి తరవాత మారింది ప్రధానంగా జట్టు కాళ్లు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. అలవాటు లేని తోలు బూట్లలో కాళ్లు పొక్కులెక్కిన కుర్రాళ్లకు మళ్లీ మొదటినుంచి బంతి తన్నడం నేర్పుకోవాల్సి వచ్చింది.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచి సెమీఫైనల్ దాకా వెళ్లాం. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు వేశాడు. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్న పైకి ఈనాటిదాకా పోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. సికిందరాబాదు కుర్రాడు పీటర్ తంగరాజు మొదట్లో గోల్స్ వేసేవాడే గాని కాచేవాడు కాదు, సెంటర్ ఫార్వర్డు. సైన్యంలో చేరాక గోలు దగ్గరికి మారాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. గాలిలో వచ్చే బంతి అతని చేతుల్లోకే రావాలి. ఇతని సంగతి చదివినప్పుడు నాకు మొదట అనిపించింది, ఫార్వర్డుగా ఆడేటప్పుడు ఇతన్ని ‘పనికిరాడు’ అని ఇంటికి పంపించి ఉంటే ఏమయ్యేదా అని.

1962 ఆసియా క్రీడలు జకార్తాలో. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనీసియా రానివ్వలేదు. దాన్ని తప్పుపట్టిన మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ మీద అక్కడి జనం మండిపడ్డారు. ఆ కోపం మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తరవాత థాయిలాండ్, జపాన్ల మీద గెలిచాం. థాయిలాండ్‌తో ఆటలో బ్యాకు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తంగరాజుకు ఫ్లూ జ్వరం. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద బెంగాలు కుర్రాడు ప్రద్యోత్ బర్మన్ గోలు కాచాడు. రెండు గోల్స్ ఆధిక్యం కరిగిపోయి 2-2 అయింది. చివరికి చునీ గోస్వామి పుణ్యమా అని 3-2తో గట్టెక్కాం.

ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. ఇప్పుడు చెప్పండి, గోలు దగ్గర ఎవర్ని నిలబెట్టాలి?

మన మెస్సు బల్ల దగ్గర అయితే వాదనలు రెండే. గెలుస్తున్న జట్టును కదపకూడదని ఒకరు, సెమీఫైనల్లో రెండు తిన్నాడు గనక మార్చాలని ఇంకొకరు. రహీం సాబ్ తంగరాజునే నిలబెట్టారు. జ్వరం నుంచి అప్పుడే లేచినవాడు, ఆటలో వేడి తప్పినవాడు. ఈ లెక్కన మంచి ఊపులో లేనిది బర్మన్ కాదు, తంగరాజే! అయినా ఎందుకు దించారంటే, కొరియావాళ్లు పక్కలనుంచి ఎత్తుగా బంతులు వేసి తలతో కొడతారు. ఆ బంతుల్ని గాలిలోనే అందుకోవడానికి ఎత్తు కావాలి, పొడుగు చేతులు కావాలి. బర్మన్ ఏ తప్పూ చెయ్యలేదు. సెమీఫైనల్ దాటించిన జట్టులో అతనూ ఒకడు. దించింది శిక్షగా కాదు, ఆ సాయంత్రపు పనికి వేరే మనిషి సరిపోతాడని.

ఆ రోజుల్లో ఆట మొదలయ్యాక మనిషిని మార్చే ఏర్పాటు లేదు. తంగరాజు అరగంటకే నీరసపడి కూలితే మరో గోల్‌కీపర్ రాడు. అదీ ఆయన ఒప్పుకున్న ప్రమాదం. తలకు కుట్లతో ఉన్న జర్నైల్‌ను సైతం వెనకనుంచి తీసి ముందుకు పంపారు, సెంటర్ ఫార్వర్డుగా. కుట్లున్న తలతో వెనక ఎత్తు బంతులు ఆపడం కష్టమన్నది దాని వెనకున్న లెక్క. జర్నైల్ ఫైనల్లో గోలు కొట్టాడనేది వేరే సంగతి.

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరిచేవాళ్లే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్. ఆ తరవాత గంటకు పైగా కాచుకోవడమే. గాలిలో వచ్చినవాటిని తంగరాజు చేతులు అందుకుంటూనే ఉన్నాయి. చివర్లో ఒకటి లోపలికి పోయింది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు రెండో స్వర్ణం అది, ఆఖరిది కూడా.

ఇది చదివి మా ఆటల కార్యదర్శి, అయితే ఊపులో లేనివాణ్ణే ఆడించాలన్న మాట అని వెక్కిరించాడు. కాదు. రహీం సాబ్ ఆ రోజు బర్మన్ని తీశారని కూడా గుర్తుంచుకోవాలి కదా. అవసరమైతే తీసేవారు, మొహమాటపడేవారు కాదు. కాని తీసేముందు ఆయన వేసుకున్న ప్రశ్నలు మేము వేసుకోలేదు. ఎదుటి జట్టు ఎలా ఆడుతుంది? మా కుర్రాడి ముందున్న బ్యాకులు ఎవరు? వదిలిన మూడు బంతులూ ఏ రకంవి? కాస్త కూర్చుని లెక్కేస్తే రెండు నేలబారు బంతులు, వాన తడికి జారినవి. మూడోది మా ఎడమ బ్యాకు కాలు మెలికపడి పడిపోయాక, ఎదురుగా ఒక్కడే వచ్చి కొట్టింది. ఆ ఎడమ బ్యాకును నేనే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జకార్తాలో ఉన్నప్పుడే రహీం సాబ్‌కు ఆరోగ్యం బాగాలేదు. కేన్సర్. విజయం వచ్చిన ఏడాది కూడా నిండకుండానే, 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు యాభై మూడు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా భారత జట్టుకు ఆడినవాడు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. తంగరాజుకు 1967లో అర్జున అవార్డు వచ్చింది. 2008లో పోయాడు.

మా జట్టు జాబితా సోమవారం నోటీసు బోర్డు మీద పెడతారట. శనివారం సాయంత్రం నేను మైదానానికి పోయి, మా గోల్‌కీపర్‌కి నేలబారు బంతులు కొట్టాను, చీకటి పడేదాకా. ఇరవై దాకా పట్టుకున్నాడు. నా కాలే ఇంకా కుదురుకోలేదు.