డాక్టరు కోట్నీసు

పొరుగింటికి నిప్పంటుకొన్నప్పుడు కొందఱు వీధిలో నిలిచి జాలిపడుదురు. కొందఱు తప్పెవరిదని తర్కించుచు కూర్చుందురు. ఏ యొకడో నీళ్లబిందె చేతబట్టుకొని పరుగెత్తును. ఒక దేశము తన పొరుగు దేశముపై దండెత్తినప్పుడు లోకము నడచు తీరును ఇట్లే యుండును. జపాను సేనలు చైనాను ఆక్రమించిన కాలమున, బిందెతో పరుగెత్తినవారిలో మన దేశపు యువవైద్యుడొకడు కలడు. ఆయనయే ద్వారకానాథ్ శాంతారాం కోట్నీసు.

కోట్నీసు 1910వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నాటి బొంబాయి రాష్ట్రములోని షోలాపురమున ఒక మధ్యతరగతి కుటుంబమున జన్మించెను. అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును గల పెద్ద సంసారమది. ఆయన బొంబాయిలోని సేఠ్ జి. ఎస్. వైద్యకళాశాలలో చదివి వైద్యుడయ్యెను. అటుపిమ్మట పైచదువునకు సిద్ధపడుచుండెను. ఆ చదువు ముగించి, చక్కని వృత్తి నెలకొల్పుకొని, సుఖముగా జీవింపగల యువకుడాయన. కాని అంతలో తూర్పుదిక్కున చెలరేగిన మంట ఆయన జీవితమునే మార్చివేసెను.

1931 సెప్టెంబరులో జపాను సేనలు చైనాకు ఈశాన్యభాగమైన మంచూరియాను ఆక్రమింప మొదలిడెను. చైనా నానాజాతిసమితితో మొఱపెట్టుకొనెను. సమితి ఒక విచారణసంఘమును పంపెను. ఆ సంఘపు నివేదిక సమితి ఆమోదమును పొందుసరికి ఏడాది దాటిపోయెను. 1933 ఫిబ్రవరి 24వ తేదీన 42 దేశములు ఆ నివేదికను అంగీకరించెను. కాదన్నది జపాను ఒక్కటియే. జపాను ప్రతినిధులు సభ విడిచి వెడలిపోయిరి. మంచూరియా మాత్రము జపాను వశముననే ఉండిపోయెను.

దండన లేని తీర్పు దురాశను ఆపజాలదు. 1937 జూలై 7వ తేదీన, నేటి బీజింగు నగరసమీపమున మార్కో పోలో వంతెన కడ ఇరుసేనల నడుమ కాల్పులు జరిగెను. అది పెనుయుద్ధముగా మాఱెను. షాంఘై నగరము మూడు మాసములు పోరాడి నవంబరులో పడిపోయెను. డిసెంబరులో నాటి రాజధాని నాన్‌కింగు శత్రువులకు చిక్కెను. అచ్చట జపాను సేనలు నిరాయుధులను, స్త్రీలను, శిశువులను సైతము హింసించి చంపిన వార్త విన్నవారి గుండెలు తల్లడిల్లెను.

దేశాధిపతులు మాటలకు కొఱత చేయలేదు. ఆ యేడు అక్టోబరులో నానాజాతిసమితి చైనాకు నైతికముగా అండనిచ్చుచున్నట్లు తీర్మానించెను. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు షికాగో నగరమున ప్రసంగించుచు, అంటువ్యాధి సోకినవారిని వేఱుగా నుంచునట్లు దౌర్జన్యపరులను లోకము దూరముగా నుంచవలెనని సూచించెను. నవంబరులో బ్రస్సెల్సు నగరమున పలుదేశముల ప్రతినిధులు సమావేశమైరి. దానికి జపాను రానేలేదు. సమావేశము ఫలమేమియు లేకయే ముగిసెను. ఇంకొక వంక అమెరికా నుండి నూనెయు, పాత యినుమును జపాను రేవులకు పోవుచునే ఉండెను.

ప్రభుత్వములు తటపటాయించినచోట సామాన్యజనులు ముందడుగు వేసిరి. ఇంగ్లండులోని కొన్ని రేవులలో కూలీలు జపాను సరకులను ముట్టమని మొండికెత్తిరి. అమెరికాలో అనేకులు స్త్రీలు జపాను పట్టుతో నేసిన మేజోళ్లను వదలి నూలు మేజోళ్లు ధరించిరి. ఆస్ట్రేలియాలోని పోర్టు కెంబ్లా రేవున 1938 నవంబరులో కూలీలు జపానునకు పోవలసిన దుక్క యినుమును ఓడకెత్తుటకు నిరాకరించి, రెండు నెలలకు పైగా కూలి పోగొట్టుకొని నిలిచిరి. చైనా దేశమును వారు కన్నెత్తి చూచి యెఱుగరు. ఐనను తాము మోసిన యినుము ఒకనాడు పసిపిల్లలపై గుండ్లుగా కురియునేమో యను చింత వారిని నిలువనీయలేదు.

మన దేశము అప్పటికి పరతంత్రము. పరదేశముల విషయమున స్వేచ్ఛగా నడచుకొను అధికారము దానికి లేదు. ఐనను సంకెళ్లలో నున్నవానికే సంకెళ్ల బరువు తెలియును. చైనా సేనాని జూ డే 1937 నవంబరులో జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాసి సాయమర్థించెను. 1938 ఫిబ్రవరిలో హరిపురమున జరిగిన కాంగ్రెసు మహాసభ జపాను దురాక్రమణమును ఖండించి, జపాను వస్తువులను కొనవలదని ప్రజలను కోరెను. ఆ యేటి కాంగ్రెసు అధ్యక్షుడైన సుభాస్ చంద్రబోసు జూలై 7వ తేదీ మొదలు 9వ తేదీ వఱకు చైనా కొఱకు చందాలు పోగుచేయుటకు పిలుపునిచ్చెను. 22,000 రూపాయలు సమకూడెను. బీదదేశము పొరుగువాని కొఱకు విప్పిన కొంగుముడి యది.

ధనము చేరెను, ఇక మనుష్యులు కావలెను. యుద్ధభూమికి పోవుటకు ఐదుగురు వైద్యులు ఎన్నికైరి. అలహాబాదునకు చెందిన అటల్ వారికి నాయకుడు. నాగపురము నుండి చోల్కర్, కలకత్తా నుండి బసు, ముఖర్జీ, షోలాపురము నుండి కోట్నీసు చేరిరి. అందఱిలోను చిన్నవారిలో నొకడైన కోట్నీసు తన కోరికను ఇంటివారికి తెలిపెను. గుండ్లు కురియుచోటికి కన్నకొడుకును పంపుట ఏ తల్లిదండ్రులకైనను కష్టమే. అయినను తండ్రి అనుమతించెను. 1938 సెప్టెంబరు 1వ తేదీన ఆ ఐదుగురును బొంబాయిలో ఓడయెక్కిరి. ఆ నెలలోనే వారు కాంటను నగరము చేరగా, చైనా జాతిపిత సన్ యట్‌సేన్ సతీమణి సూంగ్ చింగ్‌లింగ్ వారికి స్వాగతమిచ్చెను.

వారు వచ్చిన తరుణము మిక్కిలి విషమమైనది. అక్టోబరు ముగియకముందే కాంటను, హాంకౌ నగరములు రెండును జపాను వశమయ్యెను. వైద్యులు లోపలిభాగములకు సాగి చుంగ్‌కింగు చేరిరి. తండ్రి మరణించెనన్న దుర్వార్త కోట్నీసునకు అచ్చటనే అందెను. ఇంటికి మరలిపోయినచో తప్పుపట్టువారెవరును లేరు. దుఃఖములో నున్న తల్లి ఒకవంక, గాయపడిన వేలకొలది పరులు మఱొకవంక. చేపట్టిన కార్యమును ఇంకను ఆరంభింపనే లేదని తలచి, ఆయన దుఃఖమును దిగమ్రింగి ముందునకే సాగెను.

1939 ఫిబ్రవరిలో వారు మావో సేటుంగు నివసించుచున్న యెనాను చేరిరి. ఆ యేటి చివర కోట్నీసు, అటల్, బసు యుద్ధరంగమునకు బయలుదేరిరి. కాలక్రమమున సహచరులు ఒక్కొక్కరుగా స్వదేశమునకు మరలిరి. తుదకు ఉత్తరమున శత్రుసేనల వెనుకనున్న కొండలలో కోట్నీసు ఒక్కడే మిగిలెను. బసు యెనానులో నుండెను. కోట్నీసు పోయి సేవ చేసిన ప్రాంతమున అంతకుముందు నార్మన్ బెత్యూన్ అను కెనడా వైద్యుడు పనిచేసెను. శస్త్రచికిత్స చేయుచుండగా వ్రేలు తెగి, ఆ గాయము విషమించి, అతడు 1939 నవంబరులో మరణించెను. ఆ మహనీయుని పేర నెలకొల్పిన ఆసుపత్రికి 1941 జనవరిలో కోట్నీసు అధిపతి అయ్యెను.

ఆసుపత్రి యనగా తెల్లని గోడలు, వరుసమంచములు కావు. శత్రువు దగ్గఱకు వచ్చినప్పుడెల్ల రోగులను మోసికొని వేఱొక పల్లెకు తరలిపోవలెను. మందులకు కొఱత, పనిముట్లకు కొఱత. 1940లో జరిగిన ఒక పోరాటమున ఆయన 72 గంటలు కునుకుతీయక శస్త్రచికిత్సలు చేసెను. ఆ సమరమున 800 మందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేసెను. ఆయన చైనా భాష నేర్చి, ఆ భాషలోనే యువకులకు వైద్యము బోధించెను. తాను పోయినను పని ఆగరాదనియే ఆయన యత్నము. వైద్యవిద్యార్థుల కొఱకు శస్త్రచికిత్సను గూర్చి గ్రంథము వ్రాయబూనెను. జనులు ఆయనను కే దిహువా అని పిలిచిరి. చైనాకు వెడలిన ఐదుగురును తమ పేర్లకు చివర చైనాను తెలుపు హువా యను మాటను చేర్చుకొనిరి.

1941లో ఆయన గువో చింగ్‌లాన్ అను దాదిని వివాహమాడెను. 1942 ఆగస్టులో కుమారుడు కలిగెను. ఆ బాలునకు యిన్‌హువా అని పేరిడిరి. యిన్ అనగా భారతము, హువా అనగా చైనా. రెండు దేశముల బంధము ఒక పసివాని పేరున నిలిచెను. కాని ఆ సంతోషము నిలువలేదు. చాలకాలపు అలసటతో ఆయన దేహము క్షీణించి యుండెను. మూర్ఛవ్యాధి ఆయనను పీడించుచుండెను. 1942 డిసెంబరు 9వ తేదీన, కొడుకునకు నాలుగు మాసములైనను నిండకముందే, కోట్నీసు తుదిశ్వాస విడిచెను. అప్పటికాయన వయస్సు 32 సంవత్సరములు. మాతృభూమి స్వతంత్రమగుటను గాని, చైనా విముక్తినొందుటను గాని ఆయన చూడలేదు.

1945లో జపాను లొంగిపోయెను. తరువాత కోట్నీసు అస్థికలను షిజియాజువాంగు నగరమందలి అమరవీరుల శ్మశానవాటికకు తెచ్చి సమాధి కట్టిరి. 1962లో భారత, చైనా దేశములకే సరిహద్దు యుద్ధము జరిగెను. స్నేహము చెడి సంవత్సరములు గడచెను. అయినను కోట్నీసు పేరు చెడలేదు. రెండు దేశములును ఆయన చిత్రముతో తపాలాబిళ్లలు వెలువరించెను. చైనానాయకులు మన దేశమునకు వచ్చినప్పుడు పలుమాఱులు ఆయన కుటుంబమువారిని కలిసికొని గౌరవించిరి.

నాడు జెనీవాలో 42 దేశములు చేతులెత్తెను, దండయాత్ర ఆగలేదు. ఒక వైద్యుడు వెడలినంత మాత్రమునను అది ఆగలేదు. కాని ఆయన కట్టు కట్టిన ప్రతి గాయము మానుటకు మార్గమేర్పడెను. అన్యాయమును చూచి నాలుక ఖండించుట మంచిదే. ఆ నాలుకకు చేతులు తోడైనప్పుడే పొరుగింటి మంటపై ఒక బిందె నీరైనను పడును.