పదముల పుట్టుక వెదకిన పాద్రి: ఫెర్డినాండ్ కిట్టెల్

మేము నివసించు హఫీజ్‌పేట పేరులో రెండు భాషలు కలిసియున్నవి. హఫీజ్ అనునది అరబ్బీ శబ్దము; కాపాడువాడని దాని యర్థము. పేట మన దక్షిణదేశపు మాట. కన్నడమున పేటె, తమిళమున పేట్టై. ఎత్తైన మేడలతోను, కంప్యూటరు కార్యాలయములకు పోవువారి వాహనములతోను నిండిన యీ ఊరి పేరును దినమునకు ఎన్నియో మారులు పలుకుదుము గాని, అందలి మాటలు ఎచటినుండి వచ్చినవో తలచువారు అరుదు. ఇట్లు ఒక్కొక్క మాటను పట్టుకొని దాని పుట్టింటిని వెదకుటకే జీవితమును ధారపోసిన పండితుడు ఫెర్డినాండ్ కిట్టెల్. ఆయన మన దేశీయుడు కాడు, మన మతస్థుడును కాడు. అయినను ఆయన చరిత్ర వీరశైవ కుటుంబములు తెలిసికొనదగినది.

కిట్టెల్ 1832వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన జర్మనీదేశపు ఉత్తర తీరమున తూర్పు ఫ్రీసియా ప్రాంతమునందు ఒక పాద్రి యింట జన్మించెను. బాసెల్ మిషన్ యందు శిక్షణ పొంది, 1853లో క్రైస్తవ మతబోధ కొరకు కన్నడదేశమునకు వచ్చెను. ధారవాడ, మంగళూరు, మడికేరి ఆయన పనిచేసిన స్థలములు. ప్రజల మనస్సు తెలియనిదే బోధ నిష్ప్రయోజనమనియు, మనస్సు తెలియుటకు వారి భాషయే ద్వారమనియు ఆయన గ్రహించెను. దేశీయులతో కలసిమెలసి తిరుగు ఆయన రీతి మిషన్‌లోని కొందరికి రుచింపలేదు. అయినను ఆయన తన త్రోవ విడువలేదు. 1872లో కేశిరాజు వ్యాకరణమగు శబ్దమణిదర్పణమును, 1875లో నాగవర్మ ఛందోగ్రంథమును పరిష్కరించి ముద్రింపించెను.

ఆ కాలమున ఐరోపాలో రెండు నూతన శాస్త్రములు వర్ధిల్లుచుండెను. 1856లో బిషప్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించి, తెలుగు, తమిళము, కన్నడము మొదలగునవి సంస్కృత జన్యములు కావనియు, ఒక్క కుటుంబమునకు చెందినవనియు నిరూపించెను. ఆ యేడే మాక్స్ ముల్లర్ వివిధ జాతుల పురాణగాథలను సరిపోల్చు వ్యాసమును వెలువరించెను. కిట్టెల్ ఈ రెండు మార్గములందును నడచెను.

మన సంప్రదాయముతో ఆయనకు సంబంధమేర్పడినది ఇచటనే. 1875లో లింగాయతుల గాథలు ఏడింటిని ఒక ఆంగ్ల పత్రికయందు ప్రకటించెను. మరుసటి యేడు లింగారాధన పుట్టుకను గూర్చి జర్మన్ భాషలో చిన్న గ్రంథమును రచించెను. లింగపూజ దక్షిణాది ద్రావిడులనుండియే పుట్టినదని కొందరు పండితులు వాదించుచుండగా, కిట్టెల్ గ్రంథాధారములను పరిశీలించి ఆ వాదమును త్రోసిపుచ్చెను.

ఈ విషయమున ఆయన మాటయే తుదిమాట యని చెప్పజాలము. రేణిగుంటకు సమీపమున గల గుడిమల్లము శివలింగము క్రీస్తునకు పూర్వపు శతాబ్దములదని పలువురు పండితుల యభిప్రాయము. అది 1911 ప్రాంతమున గాని పండిత లోకమునకు పరిచయము కాలేదు. సింధులోయ త్రవ్వకములు అటు పిమ్మటివి. అంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. స్థావరలింగము ఎచట పుట్టినదను ప్రశ్నకు ఎవరు ఏ సమాధానము చెప్పినను, కరతలమున నిలిచిన యిష్టలింగము భక్తునకు ఏమగునో దానివలన తెలియదు. పుట్టుక వేరు, అర్థము వేరు. గాథలను సరిపోల్చువారు ఈ భేదమును తరచు మరచుచుందురు.

పదముల విషయమున మాత్రము కిట్టెల్ కృషి చెక్కుచెదరలేదు. రమారమి రెండు దశాబ్దములు శ్రమించి, దేశీయ పండితుల సాయముతో, కంటిచూపు మందగించుచున్నను విడువక, 1894లో మంగళూరున కన్నడ–ఆంగ్ల నిఘంటువును వెలువరించెను. పుటలు 1,700కు పైగా; మాటలు సుమారు 70,000. సామెతలు, పల్లెజనుల వాడుకలు అందు చోటు చేసికొన్నవి. పదము ప్రక్కన తెలుగు, తమిళ, మలయాళ, తుళు రూపములను చూపుట దాని ప్రత్యేకత. ప్రయోగములకు ఆధారముగా గైకొన్న కావ్యములలో కన్నడ బసవపురాణము ఒకటి. 1369లో భీమకవి రచించిన ఆ గ్రంథమునకు మూలము మన పాల్కురికి సోమనాథుని తెలుగు బసవపురాణమే గదా!

ఆ నిఘంటువు పీఠికలో ద్రావిడ భాషలనుండి సంస్కృతమున చేరియుండునని తాను తలచిన నాలుగు వందలకు పైగా పదములను ఆయన పట్టికగా కూర్చెను. నా యనుభవము ఒకటి విన్నవించెదను. నీరు అను మాట సంస్కృత నీర శబ్దమునకు తద్భవమని నేను తరగతిలో చాల యేండ్లు బోధించితిని. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును చూచిన పిదప తెలిసినది: నీరు ద్రావిడ పదమే, సంస్కృతమే దానిని గ్రహించినది. మీను సంగతియు నంతే. మరుసటి దినమున పిల్లలయెదుట నా తప్పు దిద్దుకొంటిని. కిట్టెల్ వంటివారు ఇచ్చిన దైర్యమే దానికి కారణము.

1896లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. కన్నడ వ్యాకరణమును 1903లో ప్రకటించి, ఆ యేడాది డిసెంబరులో ఆ పట్టణముననే కన్నుమూసెను. బెంగుళూరులో మేయో హాలు చెంత ఆయన విగ్రహము నేటికిని నిలిచియున్నది.

మతము మార్చ వచ్చినవాని గ్రంథములు మనకేల యని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన ఉద్దేశము మనకు సమ్మతము కాకపోవచ్చును. ఆయన నిర్ణయములు కొన్ని నిలువకపోవచ్చును. కాని ఆయన వంచిన నడుము అబద్ధము కాదు. బసవేశ్వరుడు కాయకమునకు కులమును చూడలేదు. మనము విద్యాకాయకమునకు మతమును చూడనేల? మన మఠముల పెట్టెలలో తాటాకు ప్రతులు ఇంకను ఎన్నియో యున్నవి. వానిలోని మాటలను, చెదలు తినకముందే, మన పిల్లలచేత చదివించి వ్రాయించుట మన వంతు.