పక్షిశాస్త్రజ్ఞుడు డాక్టరు జెర్డన్

తెలుగునాటి పిట్టల పేర్లను చెవియొగ్గి విని, తన శాస్త్రగ్రంథములలో ఇంగ్లీషు పేర్ల సరసన అచ్చు వేయించిన ఆంగ్ల వైద్యుడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఆయన 1811లో ఇంగ్లాండునందలి డర్హము మండలమున జన్మించెను. ఎడింబరోలో విద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడై 1836లో మద్రాసు చేరెను. గంజాము సీమలో జ్వరములచేతను, గ్రహణిచేతను బాధపడు సిపాయిలకు మందిచ్చుట ఆయనకు అప్పగించిన మొదటి పని. ఆ పని నడుమ చిక్కిన తీరికలోనే తూర్పుకనుమల పక్షులను పరిశీలింప నారంభించెను.

పక్షిని కాల్చి, చర్మము వలిచి, ఎండబెట్టి పరీక్షించుటయే ఆ నాటి పద్ధతి. నేటివారికిది క్రూరముగ తోచును గాని, అప్పటికి వేరు మార్గము లేకుండెను. ఇట్లు కూర్చిన చర్మములను, పేర్లు నిర్ణయించుటకై, జెర్డన్ స్కాట్లండులోని జార్డిను పండితునికి ఓడపై పంపెను. అవి చేరునప్పటికి పురుగులు తినివేసినవి. మరియొకడైనచో ఆ వ్యాసంగమునకు స్వస్తి చెప్పియుండును. జెర్డన్ తన పరిశీలననే నమ్ముకొని, సుమారు 420 జాతులతో దక్షిణదేశ పక్షుల పట్టికను 1839లో మద్రాసు పత్రికయందు ప్రకటింప మొదలుపెట్టెను.

పిమ్మట నెల్లూరులో సివిల్ సర్జనుగా నుండెను. అచ్చట ఆయనకు యానాదులు గురువులైరి. ఏ పిట్ట ఏ పొదలో గూడు కట్టునో, ఏ కూత దేనిదో వారికి తెలిసినట్లు ఏ దొరకును తెలియదు. పక్షిశాస్త్రమునకు వారొసగిన సాయము చరిత్రలో చాలినంతగా లెక్కకు రాలేదు.

ఆ ప్రాంతపు చిట్టడవులలోనే జెర్డన్ ఒక అరుదైన పక్షిని కనుగొనెను. పగలు పొదల నీడన కదలక యుండి, రాత్రి మేతకు వెడలు నేలపిట్ట యది. మెడక్రింద రొమ్ముపై రెండు పట్టెలుండును. కలకత్తా మ్యూజియములోని బ్లైత్ పండితుడు, డార్విన్‌తో ఉత్తర ప్రత్యుత్తరములు నడిపినవాడు, 1848లో దానిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. అదియే మన కలివికోడి.

అంతవరకు భారతదేశ పక్షుల సమాచారము పలు పత్రికలలో చెల్లాచెదరై యుండెను. దాని నంతయు ఒకచోట చేర్చి, వేయికి పైగా జాతులను వర్ణించుచు జెర్డన్ 1862–64లో భారతదేశ పక్షులపై గొప్ప గ్రంథమును వెలువరించెను. ఏ జాతి ఎచ్చట నున్నదో తెలియనిచో, అది ఎట్లు పరిణమించెనో, ఎచ్చట తరుగుచున్నదో చెప్పుట కలుగదు. తరువాతివారెల్లరు ఆ పునాదిమీదనే కట్టిరి. ఆయన 1872లో ఇంగ్లాండులో మరణించెను.

కలివికోడి 1900లో అనంతపురము చెంత కనబడి, పిదప ఎనుబదియైదేండ్లు జాడ లేకపోయెను. అది నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, ఒక స్థానిక వేటగాని సాయమున దానిని మరల కనుగొనిరి. ఇచ్చటను శాస్త్రజ్ఞునికి దారి చూపినది అడవి నెరిగిన పల్లెవాడే. దాని రక్షణకై లంకమల అడవిలో అభయారణ్య మేర్పడెను. తరువాత తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలకు ముప్పు తేగా, కాలువ మార్గమును సైతము ప్రక్కకు తిప్పిరి.