తోలు శాస్త్రానికి పేరు తెచ్చిన నాయుడమ్మ
రసాయన శాస్త్ర పట్టభద్రుడు ఎంచుకున్న విలక్షణ మార్గం

అమ్రాబాద్: నల్లమల అంచు గ్రామాల్లో తంగేడు పువ్వు బతుకమ్మకు ఎంత అవసరమో, ఒకప్పుడు తంగేడు చెక్క లందకు అంతే అవసరం. చెక్కలోని వగరు పదార్థం పచ్చితోలులోని మాంసకృత్తులను పట్టి ఉంచి, కుళ్లకుండా కాపాడుతుంది. కరక్కాయ గుణమూ అదే. తరతరాలుగా మాదిగలు చేతి అనుభవంతో సాగించిన ఈ విద్యను విశ్వవిద్యాలయ శాస్త్రంగా అభ్యసించి, దానికే జీవితాన్ని అంకితం చేసిన తెలుగువాడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబర్ 10న తెనాలి సమీపంలోని యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఏసీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో పట్టా పొందారు. ఆ చదువుతో అధ్యాపక వృత్తిలోనో, సబ్బులు, రంగుల కర్మాగారంలోనో స్థిరపడవచ్చు. ఆయన మాత్రం మద్రాసులోని తోళ్ల సాంకేతిక సంస్థలో అడుగుపెట్టారు. తోలు ముట్టుకోవడమే మైలగా భావించిన సమాజంలో, వ్యవసాయ కులం నుంచి వచ్చిన యువకుడు లంద వాసన నడుమ పనిచేయడానికి సిద్ధపడటం చిన్న విషయం కాదు. ఆయన పదవులన్నింటికంటే ఈ నిర్ణయమే గొప్పదనిపిస్తుంది.

ఉన్నత విద్యకు బ్రిటన్, ఆపై అమెరికా వెళ్లి లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సాధించారు. తిరిగివచ్చి మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో చేరి, 1958లో దాని సంచాలకులయ్యారు. అప్పటికి మన దేశం ముడితోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు విదేశాలకు పంపేది. అక్కడ వాటితో చెప్పులు, సంచులు చేసి లాభం గడించేవారు. ఆ లాభం మన పనివారికే దక్కాలని, పరిశోధనశాలలో తేలిన పద్ధతి పల్లెలోని చర్మకారుడి దాకా చేరాలని ఆయన పట్టుబట్టారు. సగం శుద్ధి చేసిన తోళ్ల ఎగుమతిపై 1970వ దశకంలో కేంద్రం పరిమితులు విధించింది. పూర్తయిన తోలు, తోలు వస్తువుల ఎగుమతి ఆ తరువాతే ఊపందుకుంది.

1971లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అదే ఏడాది సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా నియమితులై 1977 వరకు కొనసాగారు. శాస్త్ర సాంకేతిక విజ్ఞానాన్ని ఒక జిల్లా అభివృద్ధికి ఎలా వినియోగించవచ్చో చూడటానికి ఆ కాలంలోనే కరీంనగర్ జిల్లాను ఎంపిక చేశారు. శాస్త్రవేత్తలు తెలంగాణ పల్లెల అవసరాలను వెతుక్కుంటూ రావడం నాడు కొత్త. అనంతరం ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా కొద్దికాలం పనిచేశారు.

1985 జూన్ 23న కెనడా నుంచి స్వదేశానికి వస్తుండగా, ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి చేరువలో అట్లాంటిక్ సముద్రంపై బాంబు పేలి కూలిపోయింది. మరణించిన 329 మందిలో నాయుడమ్మ ఒకరు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు.

డిగ్రీలో రసాయన శాస్త్రం తీసుకున్న ఈ ప్రాంత విద్యార్థులకు బీఈడీ, జడ్చర్ల సమీపంలోని పోలేపల్లి ఔషధ కర్మాగారాలే ముందుగా గుర్తుకొస్తాయి. ఎమ్మెస్సీ చేసి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో పరిశోధక వృత్తికి అర్హత సాధిస్తే హైదరాబాద్ ఐఐసీటీలోనూ, నాయుడమ్మ నడిపిన చెన్నై తోళ్ల సంస్థలోనూ పరిశోధనకు ప్రయత్నించవచ్చు.