సింహాసనం పోగొట్టుకున్న మన నెల్లూరు రాజు

తిక్కన గురించి చదివినప్పుడల్లా పక్కన ఒక్క లైన్లో వచ్చి వెళ్లిపోయే పేరు మనుమసిద్ధి. 13వ శతాబ్దంలో మన నెల్లూరు రాజు ఆయనే. అప్పుడు ఊరి పేరు విక్రమసింహపురి.

తండ్రి తిక్కరాజు తర్వాత రాజ్యం ఆయనకి వచ్చింది. కానీ దాయాదులు అక్కన, బయ్యన ఆయన్ని తరిమేసి సింహాసనం ఎక్కేశారు. అప్పుడు మంత్రి తిక్కన ఓరుగల్లు వెళ్లి, కాకతీయ గణపతిదేవుణ్ణి ఒప్పించాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్తుంది. కాకతీయ సైన్యం వచ్చింది, దాయాదులు ఓడిపోయారు. రాజ్యం తిరిగొచ్చింది కానీ ఊరికే రాలేదు. ఇక నెల్లూరు ఓరుగల్లు మాట వినాల్సిందే.

మనుమసిద్ధి తిక్కనని మామా అని పిలిచేవాడు. ఆ వరసతోనే కావ్యకన్యని తనకిమ్మని అడిగాడట (అడిగే పద్ధతి చూడండి!). తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చాడు.

ఇంత తెలివైన రాజు పుల్లరి దగ్గర మాత్రం తగ్గలేదు. కాటమరాజు మందలతో వచ్చి ఇక్కడి బీళ్లలో ఆవుల్ని మేపుకున్నాడు. మేత పన్ను గొడవ ముదిరి యుద్ధమైంది. తిక్కన పెదనాన్న కొడుకు ఖడ్గ తిక్కన అందులోనే చనిపోయాడు. నా లెక్కలో దాయాదుల దెబ్బ కన్నా ఇదే పెద్దది, ఎందుకంటే ఇది ఆయన చేజేతులా తెచ్చుకున్నది.

చివరికి దక్షిణం నుంచి పాండ్యులు వచ్చారు. 1263లో ముత్తుకూరు యుద్ధంలో మనుమసిద్ధి చనిపోయాడని చరిత్రకారులు రాశారు. గెలిచిన సుందర పాండ్యుడు నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. ముత్తుకూరంటే ఎక్కడో కాదు, కృష్ణపట్నం పోర్టుకి వెళ్లే దారిలో వచ్చేదే.