కొలత తెలిసిన వైద్యుడు - అడాల్ఫ్ ఫిక్

పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో ఐరోపా వైద్యులలో ఒక వాదం నడిచింది. దేహాన్ని నడిపేది భౌతిక నియమాలకు అందని ప్రాణశక్తి అని కొందరు, రాతికీ నీటికీ వర్తించే నియమాలే దేహానికీ వర్తిస్తాయని మరికొందరు నమ్మేవారు. ఈ రెండో అభిప్రాయాన్ని త్రాసుతో, గణితంతో నిలబెట్టిన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్.

ఫిక్ 1829 సెప్టెంబరు 3న జర్మనీలోని కాసెల్ నగరంలో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో ఆయనే కడపటివాడు. గణితంపై మక్కువతో 1847లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అన్న హైన్రిష్ ప్రోద్బలంతో వైద్యవిద్య వైపు మళ్లినా గణితాన్ని విడువలేదు. 1851లో వైద్య పట్టం పొంది, మరుసటి ఏడు స్విట్జర్లాండులోని జూరిచ్‌కు వెళ్లి, శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ వద్ద సహాయకుడుగా చేరాడు.

దేహంలోని పలుచని త్వచాల గుండా నీరు, లవణాలు ఎలా ప్రయాణిస్తాయన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. త్వచం సంగతి తేలాలంటే ముందు అడ్డులేని నీటిలో ఉప్పు ఎలా విస్తరిస్తుందో తెలియాలి. బ్రిటన్‌లో థామస్ గ్రాహం విసరణపై ఎన్నో కొలతలు సేకరించాడు గాని, వాటిని కలిపే సూత్రం దొరకలేదు. ఫిక్ నిలువు గొట్టం అడుగున ఉప్పు స్ఫటికాలను, పైన మంచినీటిని ఉంచి, రోజుల తరబడి వేచి ఉన్నాడు. త్రాసుకు వేలాడదీసిన గాజుగుండును ఒక్కొక్క లోతుకు దించి, దాని బరువులోని తేడాను బట్టి ద్రావణ సాంద్రతను లెక్కగట్టాడు. అడుగు నుండి పైకి గాఢత సమానమైన మెట్లుగా తగ్గుతూ వచ్చింది. గాఢతలో తేడా ఎంత నిటారుగా ఉంటే ప్రవాహం అంత వేగంగా సాగుతుందని ఆయన 1855లో ప్రకటించాడు. ఉష్ణవహనానికి ఫోరియర్ చెప్పిన గణితమే దీనికీ సరిపోయింది. అప్పటికి ఫిక్‌కు 26 ఏళ్లు నిండలేదు.

మాటను స్వయంగా పరీక్షించి చూడడం ఆయన స్వభావం. కండరాలు మాంసకృత్తులనే ఇంధనంగా వాడుకుంటాయని మహాశాస్త్రవేత్త లీబిగ్ బోధించేవాడు. 1865 ఆగస్టులో ఫిక్, రసాయన శాస్త్రవేత్త విస్లిసెనస్ మాంసకృత్తులు లేని ఆహారం తిని, ఆల్ప్స్ పర్వతాలలోని ఫౌల్‌హార్న్ శిఖరాన్ని ఎక్కారు. సుమారు 1,956 మీటర్ల ఎత్తు ఎక్కిన శ్రమను, మూత్రంలో వెలువడిన నత్రజనిని పోల్చి చూశారు. దేహంలో కరిగిన మాంసకృత్తుల శక్తి ఆ శ్రమకు చాలదని తేలింది.

1868లో ఆయన వుర్జ్‌బుర్గ్‌లో ఆచార్యుడయ్యాడు. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో లెక్కించే మార్గాన్ని 1870లో చూపాడు. దేహం నిమిషానికి 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువు గ్రహిస్తూ, ప్రతి లీటరు రక్తం ఊపిరితిత్తుల వద్ద 50 మిల్లీలీటర్లు పుచ్చుకుంటే, రక్తప్రవాహం 5 లీటర్లన్నమాట. అయితే మనిషి గుండెలోని రక్తాన్ని తీసి చూసే సాధనం ఆనాడు లేదు. 1899లో పదవీ విరమణ చేసిన ఫిక్, 1901 ఆగస్టు 21న బెల్జియంలోని బ్లాంకెన్‌బర్గ్‌లో కన్నుమూశాడు. సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపే విధానం 1940లలో స్థిరపడ్డాకనే ఆ లెక్క రోగులకు విస్తృతంగా ఉపకరించింది.

ఉప్పునీటి సూత్రానిదీ అదే కథ. నీటి అణువుల యాదృచ్ఛిక సంచారాన్నీ ఫిక్ చెప్పిన విసరణ గుణకమే నిర్ణయిస్తుందని 1905లో ఐన్‌స్టీన్ పరిశోధన వల్ల స్పష్టమైంది. 1980లలో డెని లె బిహాన్ మొదలైనవారు ఆ సంచారాన్ని ఎం.ఆర్.ఐ. యంత్రంతో మెదడులో కొలిచారు. ఈ విధానంలో మొదటి అయస్కాంత స్పందన ప్రతి అణువుకూ అది ఉన్న చోటును బట్టి ఒక గుర్తు వేస్తుంది. రెండవ స్పందన ఆ గుర్తును చెరిపివేస్తుంది. ఈలోగా స్థానం మారిన అణువుల గుర్తు పూర్తిగా చెరగక, వాటి సంకేతాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల అణువులు ఎంత సంచరిస్తే సంకేతం అంతగా క్షీణిస్తుంది. సాధారణంగా వాడే తీవ్రత వద్ద, 100 పాళ్ల సంకేతం స్వేచ్ఛగా ఉన్న నీటిలో సుమారు 5 పాళ్లకు పడిపోతే, మెదడు కణజాలంలో దాదాపు 45 పాళ్లు మిగులుతుంది. కణాల గోడలు నీటి దారికి అడ్డుపడడమే ఇందుకు కారణం.

స్పందన తీవ్రత వర్గాన్ని సమాన మెట్లుగా పెంచితే, స్వేచ్ఛగా ఉన్న నీటి సంకేతం మెట్టు మెట్టుకూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. కణజాలంలో ఆ క్షయం క్రమంగా మందగించి లెక్క తప్పుతుంది. ఈ తేడాను దోషంగా తోసిపుచ్చక, కణాల ఇరుకును, నాడీతంతువుల దిశను, కేశనాళికలలోని రక్త సంచారాన్ని దాని నుండి రాబట్టడానికి శాస్త్రజ్ఞులు కొత్త గణిత నమూనాలు నిర్మించారు. మెదడుకు రక్తం ఆగితే కణాలు ఉబ్బి నీటి సంచారం తగ్గుతుంది. అప్పుడు ఆ భాగం ఈ చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. ఇతర చిత్రాలలో ఏమీ కనిపించని తొలి గంటలలోనే పక్షవాతాన్ని గుర్తించడానికి ఇది తోడ్పడుతోంది. ఆ గంటలలో అందే చికిత్స రోగి మాటను, నడకను కాపాడగలదు.

దేహంలోని అడ్డుగోడల సంగతి తెలుసుకోవాలని బయలుదేరిన ఫిక్, ముందుగా అడ్డులేని నీటి నియమాన్ని కనుగొన్నాడు. ఆ నియమం తప్పే చోటనే నేటి వైద్యులు ఆ గోడల ఆనవాళ్లు చూస్తున్నారు. సాధనాలు లేవని ఆలోచన మానని ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.